కత్తికి వాలు తీసిన రోజులు

ఆ ఏడాది బాయిలన్నీ బందయిన కొన్నాళ్లకే మా వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు తెలియకుండా పోయింది.

గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అంటారు. మా ఆయన అందులో, భూమి లోపల పనిచేసేవాడు. పెళ్లయి క్వార్టర్‌కు వచ్చిన నాటి నుంచి మా ఇంటికి గడియారం ఆయన షిఫ్టే. ఫస్ట్ షిఫ్టు వారం తెల్లారకముందే టిఫిన్ డబ్బా కట్టాలి. నైట్ షిఫ్టు వారం ఆయన పడుకుంటాడు కాబట్టి పగలంతా గిన్నెకు గిన్నె తగలకుండా తిరగాలి. అలాంటి మనిషి ప్రత్యేక రాష్ట్రం కోసం అందరితో పాటు సమ్మెలోకి దిగి, డ్యూటీ లేకుండా ఇంట్లో ఉండేసరికి చేతులు ఊరుకోలేదు. పొద్దున టెంటు కింద కూర్చుని నినాదాలిచ్చి వచ్చేవాడు. మధ్యాహ్నం నుంచి నా వంటిల్లు సర్దేవాడు.

"ఉప్పేడ వెట్టినవ్?" అని అడిగితే,

"పొడుగు డబ్బాల లైన్ల ఆఖరిది. ఎత్తు ప్రకారం వెట్టిన. ఇగ నీకు ఎతుకుడు పని లేదు" అన్నాడు.

ఆ రోజు పప్పులో ఉప్పుకు బదులు బొంబాయి రవ్వ పడింది.

మర్నాడు కూరగాయల కత్తి మొద్దుబారిందని దాన్ని గడప ముందు మెట్టుకేసి రుద్దుతూ కనిపించాడు. మెట్టు నున్నబడింది గానీ కత్తి ఇంకా మొద్దయింది. నేను ఆ కత్తిని చేతిలోంచి లాక్కుని పాత గుడ్డలో చుట్టి, "వదిన దగ్గర సాన పట్టిచ్చుకొస్త" అని చెప్పి బయటపడ్డాను. కత్తి ఉత్త సాకు. ఇంట్లోంచి ఒక పూట తప్పించుకోవాలని నా ఆశ.

వదిన అంటే మా ఆయన అక్క. చౌరస్తా దాటి గోదావరి బ్రిడ్జి వైపు పోయే దారిలో వాళ్లకో రేకుల షెడ్డు ఉండేది. ఆమె భర్తను నేను అన్న అని పిలిచేదాన్ని. అన్న కొలిమి ముందు కూర్చుని లారీల పాత కమాన్ పట్టాలను కాల్చి, సాగగొట్టి కత్తులూ కొడవళ్లూ చేసేవాడు. పట్టీ అనే ఆ మొరటు ఇనుప ముక్కను తీసుకుని కోసే కత్తిగా మార్చే పని వదినది. షెడ్డు మూలన ఒక బల్ల, దాని మీద మోటారుకు బిగించిన సాన చక్రం, పక్కన నీళ్ల బకెట్. ఆ మూల వదిన రాజ్యం. మనిషి భారీగా ఉండేది. దవడలో ఎప్పుడూ ఆకూ వక్కా. నవ్విందంటే ఎదురుగా సైకిల్ షాపువాడు పని ఆపి తొంగిచూసేవాడు.

నేను వెళ్లేసరికి కరెంటు లేదు. బాయిలు బందయితే బొగ్గు రాదు, బొగ్గు రాకపోతే కరెంటు ఉండదు. వదిన బల్ల మీద కూర్చుని కాళ్లూపుతోంది.

"నా తమ్ముడు సమ్మె జేసిండు, నా చక్రం గూడ సమ్మెకు దిగింది" అంది నన్ను చూడగానే. "ఏమంటున్నడు వాడు?"

"డబ్బాలు సదురుతున్నడు."

వదిన నవ్వుతుండగానే నెత్తిమీద బల్బు వెలిగింది. ఆమె ఒక్క ఉదుటున లేచి మోటారు స్విచ్చి వేసింది. చక్రం మొదట మూలిగి, తర్వాత గుర్రుమని, చివరికి ఒకే శ్రుతిలో పాడటం మొదలుపెట్టింది. వదిన ఒక పట్టీని అందుకుని దాని ముందు నిలబడింది. అప్పుడే నోట్లో ఆకు ఎక్కువైందని గుర్తొచ్చినట్టుంది, "గిది వట్టుకో, ఇప్పుడే వస్త" అని పట్టీ నా చేతిలో పెట్టి బయటికి నడిచింది.

పట్టుకోమంది. పట్టుకుని నిలబడితే సరిపోయేది. చక్రం తిరుగుతోంది, చేతిలో ఇనుము ఉంది, చూసేవాళ్లు లేరు. మెల్లగా ఆనించాను.

ఎర్రటి రవ్వలు నా వేళ్ల కిందినుంచి ధారగా దూకి చక్రాన్ని చుట్టుకుంటూ నేలదాకా పోయాయి. అరచేతుల్లో మొదలైన వణుకు మోచేతులెక్కి, భుజాలెక్కి, పళ్ల దాకా వచ్చింది. పట్టీని కొద్దిగా వంచితే ధార కూడా వంగింది. ఇటు తిప్పితే ఇటు వచ్చింది. చిన్నప్పుడు దీపావళికి కాకరపువ్వొత్తి పట్టుకుని గిరగిరా తిరిగితే ఎలా ఉండేదో అలా ఉంది, ఇది ఆరిపోవడం లేదు, అంతే తేడా. నాకు నవ్వు వచ్చింది. ఎందుకో తెలియదు. ఒక్కదాన్నే నిలబడి పడీపడీ నవ్వుతున్నాను.

"ఏమైందే, నవ్వుతున్నవేంది?" వదిన వెనక నిలబడి ఉంది.

"తెల్వది వదినా."

ఆమె పట్టీని లాక్కుని వెలుతురుకు ఎత్తి చూసింది. నిటారుగా ఉండాల్సిన అంచులో ఒక గుంత. "జామకాయ కొరికినట్టు కొరికినవ్ గదనే" అంది. అన్న కొలిమి దగ్గర్నుంచి తలెత్తాడు. అది ఆయన పొద్దున్నుంచి కొట్టిన పట్టీ. తిట్లు పడతాయని తల వంచుకున్నాను. వదిన మాత్రం నా మొహంలోకి చూసి, నా చెంప మీద నల్లటి మసిని బొటనవేలితో తుడిచి, "రేపు గూడ రా. వచ్చేటప్పుడు మావోని పాత అంగీ ఒకటి ఏసుకరా. చీర కాలుతది" అంది.

రమ్మనకపోయినా వెళ్లేదాన్నే.

అప్పటిదాకా నాకు తెలిసిన ఇనుప పని ఏమీ లేదు. మా పుట్టింట్లో వడ్ల పని, అంటే వడ్రంగం. మా నాన్న ఉలి పట్టుకుంటే చూడటమే తప్ప ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇక్కడ వదిన మొదటి రోజే నాకో పాత పట్టీల కుప్ప చూపించి, "ఇవన్ని నీయి. కరాబు జెయ్యి" అంది. పాడు చేయమని ఎవరైనా చెప్పడం నా బతుకులో అదే మొదటిసారి.

సాన చక్రం ముందు చెయ్యి ఆనించుకోవడానికి చిన్న ఇనుప దిమ్మె ఒకటి ఉంటుంది. వదిన దాన్ని ఎప్పుడో విప్పి తలుపుకు అడ్డం పెట్టుకుంది. అది ఉంటే చెయ్యి బద్ధకం నేర్చుకుంటుందని ఆమె మాట. కాబట్టి ఆసరా లేదు. గాలిలో రెండు చేతులు, వాటి మధ్య ఇనుము, ఎదురుగా తిరిగే రాయి. కత్తి వీపు నుంచి వాదర దాకా, అంటే కోసే అంచు దాకా, ఒక పలచని ఏటవాలు రావాలి. దాన్ని వదిన వాలు అనేది. ఆ వాలు పిడి వైపు ఉండే మడమ దగ్గర ఎంత ఉందో మొన దగ్గరా అంతే ఉండాలి. ఒక వైపు ఎలా ఉందో రెండో వైపూ అలాగే ఉండాలి. చెప్పడం ఇంతే.

నా మొదటి వాలు అలలు అలలుగా వచ్చింది. వదిన దాన్ని పైకెత్తి అన్నకు చూపిస్తూ, "అగో, వానపాము" అంది. రెండోదానికి మొన అరిగిపోయి చెంచాలా గుండ్రంగా తేలింది. ఇంకోదానికి మొన మిగిలింది గానీ నడుము సన్నబడిపోయింది. అన్న దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో అటూ ఇటూ వంచి, మళ్లీ కొలిమిలో పడేశాడు. అది చూసి నేనూ వదినా ఒకరి భుజం మీద ఒకరం వాలి నవ్వుకున్నాం. మేం అంత నవ్వడానికి అక్కడ ఏమీ లేదు. ఆ రోజుల్లో నాకు అలాగే ఉండేది. షెడ్డులో అడుగు పెడితే చాలు, కాళ్ల కింద ఎవరో స్ప్రింగులు పెట్టినట్టుండేది.

ఒకసారి పట్టీ అంచు మీద రంగులు పుట్టాయి. ముందు గడ్డి రంగు, తర్వాత వంగపండు రంగు, ఆ తర్వాత నెమలి మెడ మీద ఉండే నీలం. ఇంత అందమైనది నా చేతుల్లోంచి వచ్చిందా అని పరుగున తీసుకెళ్లి వదినకు చూపించాను.

"మంచిగున్నదా?" అంది వదిన.

"శానా మంచిగున్నది."

"నీలం ఎక్కిందంటే ఉడుకెక్కువైందన్నట్టు. గాడ కత్తి సచ్చింది. ఇగ పదును నిలువది. నీకు నెమలి గావాల్నా, కత్తి గావాల్నా?"

అందుకే చేతులకు తొడుగులు వద్దనేది ఆమె. వేలికి వేడి తగలగానే బకెట్‌లో ముంచాలి. చుయ్‌మని చప్పుడవుతుంది, మళ్లీ చక్రం మీదికి. కళ్లకు మాత్రం బండి నడిపేవాళ్లు పెట్టుకునే అద్దాలు, ముక్కుకూ జుట్టుకూ గుడ్డ కట్టుకోమనేది. మా ఆయన అంగీ, తలగుడ్డ, నల్లద్దాలు కలిసి నన్నెలా చేశాయంటే, కత్తి తెచ్చిన ఒకాయన నన్ను చూసి, "తమ్మీ, గిది జర జల్ది జేసియ్యి" అన్నాడు. నేను తమ్ముడిలాగే తలూపి చేసిచ్చాను.

వాలు అలలు కొట్టడానికి కారణం వదిన ఒకరోజు నా వెనక నిలబడి కనిపెట్టింది.

"నువ్వు చేతులు జరుపుతున్నవ్. చేతులు జరపద్దు. మోచేతులు డొక్కలకు వెట్టి అతికిచ్చుకో. పట్టీ నీ ఒంట్లనే మొలిచిందనుకో. ఇగ నువ్వు జరుగు."

"నేనెట్ల జరగాలె?"

"బతుకమ్మ ఆడవా నువ్వు? వంగి చప్పట్లు కొట్టి పక్కకు ఒరుగుతవ్ గద. గా ఒరుగుడే. కాళ్లు ఆడ్నే ఉంటయ్, నడుము పోతది. నడుముతోని చేతులు పోతయ్. చేతులతోని కత్తి పోతది."

అప్పుడు బతుకమ్మ పండుగ దగ్గర పడుతోంది. సాయంత్రం అయితే క్వార్టర్ల మధ్య ఖాళీలో ఆడవాళ్లం చేరి ఆడేవాళ్లం. ఆ సాయంత్రం నేను పాట వదిలేసి నడుము మీద ధ్యాస పెట్టి ఆడాను. మోచేతులు డొక్కలకు అతికించుకుని ఆడుతున్న నన్ను చూసి పక్కావిడ, "కడుపు నొస్తున్నదా?" అని అడిగింది.

ఇంట్లో చపాతీ కర్రను రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, గోడ ముందు నిలబడి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు ఒరుగుతుంటే మా ఆయన గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏందే గిది?"

"కత్తి నేర్చుకుంటున్న."

"కర్రతోనా?"

ఆయన కొంతసేపు చూశాడు. తర్వాత నా వెనకగా వచ్చి, కన్ను ఒకటి మూసి, డబ్బాల ఎత్తు చూసినట్టే నా భుజాల ఎత్తు చూశాడు. "ఎడమ మోచెయ్యి లేస్తున్నది" అన్నాడు. నిజమే, లేస్తోంది. ఆ రోజు నుంచి వంటింటి సర్దుడు ఆగిపోయింది. నేను ఒరుగుతుంటే ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని, "లేసింది... దించు... మల్ల లేసింది" అని చెప్పేవాడు. ఉప్పు డబ్బా మళ్లీ పొయ్యి పక్కకు వచ్చింది.

కుడివైపు వాలు కుదిరాక ఎడమవైపు మొండికేసింది. కత్తిని తిప్పి పట్టుకోగానే నా చేతులు ఎవరివో అయిపోయేవి. కుడివైపు ఒరిగినప్పుడు గుర్తుండే నడుము ఎడమవైపు ఒరగమంటే కొత్తగా ఆలోచించేది. వదినకు చెబితే, "ఎడమచెయ్యికి ఇన్నొద్దులు నువ్వేం పని జెప్పినవ్? ఇప్పుడు ఒక్కసారి పని జెప్తే అదెందుకు ఇంటది? ఇంట్ల పనులన్ని దానికి జెప్పు" అంది.

చెప్పాను. ఎడమచేత్తో గరిటె తిప్పాను, ఎడమచేత్తో ముగ్గు వేశాను. ముగ్గు నా మొదటి పట్టీలాగే వచ్చింది. పక్క క్వార్టర్ అవ్వ పాలలోకి తోడు అడగడానికి వస్తే ఆ ధ్యాసలో గిన్నె ఎడమచేత్తో అందించాను. అవ్వ చెయ్యి చాపలేదు.

"ఎడమచేత్తోని ఇస్తే పాలు తోడుకుంటయా బిడ్డా?"

"కత్తి కోసం అవ్వా" అన్నాను.

అవ్వ ఆ గిన్నెనూ నన్నూ మార్చి మార్చి చూసి, కుడిచేత్తో ఇచ్చాక తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా నాకు వంట్లో బాగా లేదని వాడంతా తెలిసింది.

బాగానే ఉంది. ఆ మాటకొస్తే ఇంత బాగా ఎప్పుడూ లేదు. బజారుకు వెళితే నాకు కూరగాయలు కనిపించేవి కావు, వాటిని కోసే కత్తులు కనిపించేవి. కొబ్బరిబోండాలవాడి కత్తి వాలు ఒకవైపే ఉందని గమనించి ఇంటిదాకా దాని గురించే ఆలోచించుకుంటూ వచ్చాను. మటన్ షాపు ముందు నిలబడిపోతే భాయ్, "కిలోనా, అర్ధకిలోనా అమ్మా?" అని అడిగాడు. "ఏం వద్దు భాయ్, నీ కత్తి సూస్తున్న" అన్నాను. ఆయన కొట్టడం ఆపి కత్తిని కొంచెం అటు జరుపుకున్నాడు. అంగీ నిండా రవ్వలకు కాలిన చిన్న చిన్న చిల్లులు. ఆరేస్తే ఎండ దాని గుండా నేల మీద చుక్కలు పెట్టేది. ఆ చుక్కలు చూసినా నాకు సంతోషమే.

అలా ఉండగా, పెద్దరోడ్డు మీద వంటావార్పు అని ఊరంతా అనుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని నిరసన తెలపడం. మా వాడల నుంచి బగారన్నం, వంకాయ టమాట కూర, గుమ్మడికాయ పులుసు. ఎవరి ఇంట్లో ఏ కత్తి ఉంటే అది తేవాలన్నారు. వదిన ఊరుకుంటుందా, "మొద్దు కత్తులతోని రోడ్డు మీదికొస్తే ఇజ్జత్ పోతది, అన్ని నాకియ్యుండ్రి" అని ముందే అందరికీ చెప్పేసింది. వంటకు ముందురోజు షెడ్డులో గోనెపట్టా మీద కత్తుల గుట్ట పడింది. కరెంటు లేదు.

పొద్దున రాలేదు, మధ్యాహ్నం రాలేదు. వదిన, నేను, అన్న, మమ్మల్ని చూడటానికి వచ్చిన మా ఆయన, నలుగురం బల్బు వైపే చూస్తూ కూర్చున్నాం. పొద్దు వాలబోతుండగా వచ్చింది. వదిన గుట్ట మీద పడింది. ఆమె ఒక్కో కత్తికి ఒరిగే తీరు ఆ రోజు చూడాలి. అంత భారీ మనిషి నీళ్లలో పడవలా ఊగింది. నేను ముంచి తుడిచి అందిస్తున్నాను. గుట్ట అయిపోయాక ఆమె చక్రం ముందునుంచి పక్కకు తప్పుకుని, అన్న ఆ వారం నా కోసం కొట్టిన కొత్త పట్టీని, ఇంకా ఎవరి చెయ్యీ పడనిదాన్ని, నా చేతిలో పెట్టింది. వెడల్పాటిది, జానెడు కంటే పొడుగు.

"గుమ్మడికాయకు పెద్ద కత్తి లేదు. దీనికి వాలు నువ్వే తియ్యి. కరెంటు ఎప్పుడు వోతదో తెల్వది, జల్ది."

మోచేతులు డొక్కలకు అతికాయి. కుడివైపు ఒరిగాను. రవ్వలు ఒకే మందంతో పారాయి. ముంచాను, చుయ్, మళ్లీ ఒరిగాను. తిప్పి పట్టుకున్నాను. ఎడమవైపు. మా ఆయన వెనకనుంచి ఏదో అనబోతే వదిన ఆయన నోటి మీద చెయ్యి పెట్టిందట, తర్వాత చెప్పారు. మొదటి లాగుడు కొంచెం తడబడింది. రెండోసారి ఒరిగినప్పుడు చక్రం చప్పుడు మారింది. గరగరలాడే గొంతు సవరించుకున్నట్టు సన్నగా, సాపుగా అయింది. చేతులు ఉన్నాయని మర్చిపోయాను. ఎడమవైపు ఒరుగుతున్నది నేనో, నాతో కలిసి ఆ షెడ్డో తెలియలేదు. కడుపులోంచి నవ్వు పైకి తన్నుకొస్తోంది, నవ్వితే చెయ్యి కదులుతుందని పెదాలు బిగపట్టుకున్నాను.

ఇంకో లాగుడు మిగిలిందనగా బల్బు ఆరిపోయింది.

నేను కత్తి తీసేయబోయాను. "ఆపకు" అంది వదిన నా చెవిలో. "చక్రం ఇంక తిరుగుతున్నది. గది ఆగేలోపట మొన దాకా గుంజు."

మోటారు లేని చక్రం గొంతు తగ్గిస్తూ తిరుగుతోంది. రవ్వలు ధార పోయి, చుక్కలయ్యాయి. మడమ నుంచి మొదలుపెట్టి, ఒరుగుతూ, అది నెమ్మదించినకొద్దీ నేనూ నెమ్మదిస్తూ, చివరి రవ్వ మొన మీద నుంచి రాలేదాకా వచ్చాను. చక్రం ఆగింది. షెడ్డులో కొలిమి వెలుతురు తప్ప ఏమీ లేదు. వదిన కత్తిని ఆ ఎర్రటి వెలుతురుకు పట్టి వీపు మీదుగా ఒక కన్నుతో చూసింది, తిప్పి రెండో వైపు చూసింది.

"కత్తే ఇది" అంది.

నేను వెళ్లి నీళ్ల బకెట్ మీద కూర్చోబోయి బకెట్‌లో కూర్చున్నాను.

రాత్రికి అన్న పిడి వేసి, చేతి సాన మీద అంచు సరిచేసి ఇచ్చాడు. పొద్దున నేనూ మా ఆయనా ఊరివాళ్ల కత్తులన్నీ పాత చీరలో మూటకట్టుకుని రోడ్డు మీదికి బయలుదేరాం. మూట నా నెత్తి మీద. చౌరస్తాలో పోలీసులున్నారు. ఒక కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏందమ్మా మూటల?"

"కత్తులు సారూ" అన్నాను.

మా ఆయన దగ్గాడు. కానిస్టేబుల్ మొహం మారింది. మూట దించమన్నాడు. విప్పితే ఎండకు అన్నీ ఒక్కసారిగా తళుక్కుమన్నాయి. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"గిన్ని కత్తులెందుకు?"

"ఉల్లిగడ్డలకు. గిది మాత్రం గుమ్మడికాయకు. దీని వాలు నేనే తీసిన సారూ, సూడుండ్రి, రెండు దిక్కుల ఒక్కతీరు ఉన్నది, ఎడమదిక్కు శానా కష్టం, అసల్ చేతులు జరపద్దు, నడుము..." అని నేను మోచేతులు అతికించుకుని చౌరస్తాలో ఒరిగి చూపించాను. భయం వేయాల్సిన చోట నాకు ఆ కత్తి గురించి చెప్పడమే ముఖ్యంగా తోచింది. కానిస్టేబుల్ కత్తిని తీసుకున్నాడు, అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూశాడు. గొంతు తగ్గించి, "మా ఇంట్ల కత్తిపీట ఒకటి ఉన్నదమ్మా. ఏం కొయ్యదు. ఏడికి తేవాలె?" అని అడిగాడు. మా ఆయన షెడ్డు గుర్తులు చెప్పాడు.

రోడ్డు మీద పొయ్యిలు అంటుకున్నాయి. ఉల్లిగడ్డలు కోసే పని మగవాళ్లది. మా మూట వచ్చేదాకా ఆగలేక, వదినకు ఇవ్వకుండా ఉంచుకున్న మొద్దు కత్తులతోనే మొదలుపెట్టి ముక్కులు ఎగబీలుస్తున్నారు. మా ఆయన నా పెద్ద కత్తితోనే కూర్చున్నాడు. మంచి పదును మీద ఉల్లిగడ్డ నలగదు, తెగుతుంది, అంతగా కంటికి ఎక్కదు. చుట్టూ అందరూ కళ్లనీళ్లు కారుస్తుంటే ఆయన ఒక్కడే పొడి కళ్లతో, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా, కోసుకుంటూ పోతున్నాడు.

పక్కన కూర్చున్న, రిటైర్మెంట్ దగ్గర పడిన ఒక కాక ముక్కు తుడుచుకుంటూ, "ఏమిరా, అందరం ఏడుస్తున్నం, నీకు ఏడుపొస్తలేదేంది? రాష్ట్రం అద్దా నీకు?" అన్నాడు.

"రాష్ట్రం కావాలె కాకా. కత్తి మా ఇంటిది" అన్నాడు మా ఆయన.

ఆ మాట వరుస మొదటి నుంచి చివరిదాకా పాకింది. ఒకరి తర్వాత ఒకరు కత్తి మార్చుకోవడానికి వచ్చారు. వదిన గుమ్మడికాయను చెక్క పలక మీద పెట్టి, ఆ పెద్ద కత్తిని మా ఆయన దగ్గర్నుంచి గుంజుకుని నాకిచ్చింది. దుబ్బగా, గట్టిగా, ఇద్దరు మోయాల్సిన కాయ. చుట్టూ ఆడవాళ్లు చేరారు. తోడు తీసుకెళ్లిన అవ్వ కూడా ఉంది. నేను మొన దించి వీపు మీద అరచెయ్యి వేసి ఒత్తాను. మధ్యలో ఇరుక్కుంటుందని బలమంతా కూడదీసుకుని ఉన్నాను. ఇరుక్కోలేదు. కత్తి ఆగకుండా కిందిదాకా దిగిపోయి పలకలో దిగబడింది, కాయ రెండు చెక్కలై అటొకటి ఇటొకటి ఒరిగింది, నా బలమంతా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేను ముందుకు తూలి గుమ్మడి గింజల మీద బోర్లా పడ్డాను.

రోడ్డంతా నవ్వింది. వదిన అందరికంటే గట్టిగా నవ్వింది. నేను గింజలు అంటుకున్న మొహంతో లేచి కూర్చుని ముందుగా కత్తి వాదర చూశాను. ఎక్కడా నొక్కు పడలేదు.

దసరా వెళ్లాక కొన్నాళ్లకు సమ్మె ముగిసి బాయిలు తెరిచారు. మా ఆయన మళ్లీ షిఫ్టుల్లో పడ్డాడు. నేను ఆయనకు టిఫిన్ డబ్బా కట్టిచ్చి షెడ్డుకు పోవడం మాత్రం మానలేదు. కానిస్టేబుల్ కత్తిపీట తెచ్చాడు, ఆ తర్వాత వాళ్ల చుట్టాలవీ తెచ్చాడు. కరెంటు కూడా కుదురుకుంది. బల్ల మీద రెండో చక్రం పెట్టించాం. నేనూ వదినా పక్కపక్కన నిలబడి ఒకే వైపు ఒరుగుతుంటే ఎదుటి సైకిల్ షాపువాడు మాకు తెలియకుండా తనూ ఒరిగేవాడు.

రాష్ట్రం వచ్చిన ఏడాది వానాకాలంలో మంచిర్యాల నుంచి ఒక హోటల్ వంటమాస్టర్ వచ్చాడు. తయారైన కత్తులన్నీ ఒక రేకు పెట్టెలో కలిపి వేసి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటే తీసి, వీపు మీదుగా చూసి, కాగితం కోసి, పక్కన పెడుతూ, చివరికి ఒకదాన్ని పట్టుకుని వదల్లేదు. "గిది ఎవరు చేసిన్రు?" అని అడిగాడు.

"నేను" అంది వదిన.

"నేను" అన్నాను, అదే క్షణంలో.

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వదిన కత్తిని తీసుకుని ఒకవైపు చూసింది, నేను లాక్కుని రెండో వైపు చూశాను. ఎడమవైపు వాలు కొంచెం వెనకపడి ఉంటే నాదని తెలిసిపోయేది. వెనకపడలేదు. మడమ దగ్గర వదిన ఎప్పుడూ ఒక చిన్న వంపు వదిలేది. అది ఉంది, కానీ ఆ వంపు నేనూ ఎప్పటినుంచో వదులుతున్నాను. ఎంత చూసినా తేలలేదు. నాకు మళ్లీ ఆ నవ్వు వచ్చింది, మొదటి రోజు రవ్వలు చూసి వచ్చినటువంటిది, ఆపబోతే ఇంకా వచ్చే నవ్వు. వదినకూ అంటుకుంది. వంటమాస్టర్ కత్తి పట్టుకుని మా ఇద్దరి మధ్య అయోమయంగా నిలబడ్డాడు.

అన్న కొలిమి తిత్తి ఆపి, మేం ఊపిరి తీసుకునేదాకా ఆగాడు.

"ఈళ్లిద్దరు గీకిన్రు. చేసింది నేను" అన్నాడు.